అమెరికాను మేము రిజెక్ట్ చేసిన రోజులు

ముందే ఒప్పేసుకుంటే తరువాత గొడవుండదు. నేను చెప్పే ఏ సంగతిలోంచైనా పావలా వంతు తీసేసి వినాలి. మా ఆవిడ ముప్పావలా తీసేస్తుంది, మా అమ్మాయి అసలు వినదు. కనుక ఈ జ్ఞాపకంలో ఎక్కడో ఒకచోట పెద్ద అబద్ధం ఉంది. అదెక్కడో నేనే చివర్లో చెబుతాను, మీరు వెతుక్కుని శ్రమపడకండి.

పోయిన వారం మెల్‌బోర్న్ శివార్లలోని మా టార్నీట్ స్టేషన్‌లో, ఆంధ్రా తెలంగాణా పంజాబూ కట్టగట్టుకుని ఒకే పెట్టెలో ఎక్కుదామనుకునే ఆ పొద్దుటి రైలు కోసం నిలబడి ఉండగా, మా బావ దగ్గర్నుంచి ఫోనుకి ఒక బొమ్మ వచ్చింది. బావ అంటే మా మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద, ఈ దేశంలో నాకున్న ఏకైక శత్రువూ ఏకైక ఆప్తుడూనూ. ఆ బొమ్మ అతని ఈ ఏటి బ్రాకెట్. చూసి నాకు కళ్ళు తిరిగాయి. ఏ కాలేజీ అయితే పాతికేళ్ళ కిందట బావకు ఒక్క వాక్యంలో సీటు లేదు పొమ్మని రాసిందో, ఏ కాలేజీ పేరెత్తితే అతను తింటున్న ముద్ద వదిలేసి లేచిపోయేవాడో, ఆ కాలేజీని తన చేతులతో ఫైనల్‌కి పంపించాడు! ఇదేం ఘోరమని రైల్లో వేలాడుతూనే ఫోన్ చేస్తే, ఆవలిస్తూ సమాధానం చెప్పాడు.

"నేను పంపలేదురా బామ్మర్దీ, ఆటో ఫిల్ పంపింది. బటన్ నొక్కితే అదే నింపేస్తది. ఎవడికుందిరా అంత ఓపిక?"

ఆ బటన్ కనిపెట్టినవాడెవడో గాని వాడి ఇంట్లో ఆవకాయ బూజు పట్టిపోవాలి. ఆఫీసుకు వెళ్ళేదాకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ మంటలోనే పాత రోజులన్నీ ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చాయి.

బ్రాకెట్ అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. అమెరికాలో ఏటా మార్చిలో కాలేజీల బాస్కెట్‌బాల్ పోటీ జరుగుతుంది. అరవై నాలుగు జట్లు, ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు ముందుకి, చివరికి ఒక్కడు. ఒక వంశవృక్షాన్ని తిరగేసి, ముని మనవళ్ళందరితో మొదలుపెట్టి ముత్తాత దగ్గర ఆపినట్టు ఉంటుంది ఆ కాగితం. ఆటలు మొదలవకముందే, ఏ గడిలో ఎవరు మిగులుతారో ఆ చివరి గడిదాకా మనం రాసి పెట్టాలి. ఎవరి రాత ఎక్కువ నిజమైతే వాళ్ళు గెలిచినట్టు. లోకం పుట్టాక మొత్తం కాగితం సరిగ్గా రాసిన మనిషి లేడట. అయినా కోట్లమంది ఏటా రాస్తారట. మూర్ఖత్వం ఇంత చక్కటి గళ్ళల్లో అమరడం మరెక్కడా చూడలేదు.

ఈ జాడ్యం మాకు అంటించినవాడు నా మొదటి ఆఫీసు మేనేజరు. అమెరికా ఆయన, ఎత్తు ఎంతంటే ఆయన వంగి మాట్లాడితే మాకు కాస్సేపు నీడ దొరికేది. మార్చి వస్తే ఆఫీసంతా ఫుట్టీ, అంటే ఇక్కడి ఫుట్‌బాల్, జట్ల మీద అంచనాలు కట్టుకునేవాళ్ళు, అది ఇక్కడి మర్యాద. ఆయనకు మాత్రం తన ఊరి బ్రాకెట్టే కావాలి. ఆస్ట్రేలియా వాళ్ళెవరూ ఆయన మొహం చూడకపోయేసరికి, కొత్తగా చేరి ఎవరికీ కాదని చెప్పలేని స్థితిలో ఉన్న నా చేతిలో ఒక కట్ట కాగితాలు పెట్టి, మీ ఇంట్లోవాళ్ళ చేత కూడా నింపించుకు రమ్మన్నాడు.

అప్పుడు ఫుట్‌స్క్రేలో ఒక అద్దె ఇంట్లో బావా నేనూ, మరికొందరు మనవాళ్ళూ ఉండేవాళ్ళం. ఇల్లంటే ఇల్లు కాదు, పడకగదిలో కాళ్ళు చాపితే వంటింట్లో చారు ఒలికేది. మా అందరికీ ఉన్న ఉమ్మడి ఆస్తి ఒక్కటే, మమ్మల్ని అమెరికా వద్దనుకుంది. కొందరికి కాలేజీలు సీటివ్వలేదు, కొందరికి సీటిచ్చాక వీసా రాలేదు. మెల్‌బోర్న్ మమ్మల్ని పిలిచిందని ఇంటికి ఉత్తరాలు రాశాంగాని, నిజానికి అమెరికా వైపు విసిరితే గోడకు తగిలి ఇటు పడ్డ బంతులం మేము.

బాస్కెట్‌బాల్ గురించి మాలో ఎవరికీ ఏమీ తెలియదు. కాని ఆ కాగితం విప్పగానే అందరం దాని మీదికి వంగిపోయాం. అందులో ఉన్న ప్రతి పేరూ మాకు తెలుసు! ఏ కాలేజీకి అప్లికేషన్ ఫీజు ఎంత, ఏది జీఆర్ఈలో ఎంత స్కోరు అడుగుతుంది, ఏది ఎయిడ్ ఇస్తానని ఊరించి ఎగ్గొడుతుంది, మాకు కంఠతా వచ్చు. మా మేనేజరుకు ఆటగాళ్ళు తెలుసు, మాకు అడ్మిషన్ ఆఫీసులు తెలుసు. మొదట పెన్సిల్ తీసింది బావ. తనకు సీటివ్వని కాలేజీ పేరు మీద గీత కొట్టి, దాని ఎదురు జట్టును, అదెవరో ఏమిటో తెలియకుండానే, ముందుకు పంపించాడు. పెన్సిల్ ముక్కు విరిగేలా కొట్టాడు గీత.

"అప్లికేషన్ ఫీజు మింగి ఒక్క ముక్క రాశావు కదరా. ఇప్పుడు నేను రాస్తున్నా చూడు. వుయ్ రిగ్రెట్ టు ఇన్‌ఫార్మ్ యూ!"

ఇంక ఆగలేదెవరూ. మమ్మల్ని కాదన్న ప్రతి కాలేజీనీ మొదటి రౌండ్‌లోనే ఇంటికి పంపించాం. దాక్షిణ్యం లేదు, అప్పీలు లేదు. నాటినుంచి అది మా ఇంటి ఆచారమైపోయింది. ఏడాదంతా ఎవరో ఒకరి ముందు చేతులు కట్టుకుని నిలబడే మాకు, వీసా పొడిగిస్తారా, ఉద్యోగం ఉంచుతారా, ఇల్లు ఖాళీ చేయమంటారా అని బిక్కుబిక్కుమంటూ బతికే మాకు, మార్చిలో జట్ల జాబితా వచ్చే ఆ సోమవారం నుంచి, ఆటలు మొదలయ్యేలోగా, గురువారం దాకా కౌంటర్‌కి అవతలివైపు కుర్చీ దొరికేది. అమెరికా మమ్మల్ని ఒకసారి రిజెక్ట్ చేసింది, మేము దాన్ని ఏటా చేసేవాళ్ళం. జనం ఎందుకింత పిచ్చిగా బ్రాకెట్లు నింపుతారని మా ఆవిడ అడుగుతుంటుంది. మిగతావాళ్ళ సంగతి నాకు తెలియదు, మాకు మాత్రం అందుకే.

వచ్చిన ఫలితాలు చెప్పనక్కర్లేదు. మాకు సీటివ్వని కాలేజీలన్నీ గొప్ప కాలేజీలు కావడం వల్ల, అవి ఆటలోనూ గొప్పగానే ఆడి చచ్చాయి. మా కాగితాలు చూసి మేనేజరు, వీటిని తలకిందులుగా పట్టుకుని నింపారా అని అడిగాడు.

మాలో ఎక్కువ గెలిచినవాడికి బహుమతిగా, కప్పు కొనే స్తోమత లేక, బావ రాజమండ్రి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబును నిర్ణయించాం. ఓడినవాడు ఈస్టరు సెలవుల్లో వెర్రిబీ ఏటి ఒడ్డున పార్కులో అందరికీ బార్బీ అనే కాల్చే పొయ్యి దగ్గర నిలబడి, శాకాహారానికి ఒక పట్టకారూ మాంసాహారానికి ఒక పట్టకారూ వాడుతూ, రెండూ తారుమారు చేశావని తిట్లు తింటూ వండాలి. ఏటా వండింది నేనే. పొగకు నల్లబడ్డ నా మొహం పాస్‌పోర్ట్ ఫొటోతో కలవక ఒకసారి విమానాశ్రయంలో ఆపేశారు కూడా.

నేనే ఎందుకు ఓడేవాణ్ణంటే, నాకు ఒక బలహీనత ఉంది. నాకు సీటిచ్చిన కాలేజీ ఒకటుంది. ఒక్కటే. పేరు రాయను, మా ఆవిడ ఇది చదువుతుంది. చెన్నైలో వీసా కిటికీ అవతలి దొరసాని నా కాగితాలు సరిగా తిప్పనైనా తిప్పకుండా తల అడ్డంగా ఊపింది గాని, ఆ కాలేజీ మాత్రం నన్ను రమ్మంది. దాని హాస్టలు ఎదుట మేపుల్ చెట్లున్నాయని, గ్రంథాలయానికి నాలుగు అంతస్తులని, కరపత్రంలో చూసి నాకు ఇప్పటికీ గుర్తు. అది పోటీలోకి వచ్చిన ప్రతి ఏడాదీ దాన్నే మొదటి గడినుంచి చివరి గడిదాకా రాసేవాణ్ణి. వచ్చిన ప్రతి ఏడాదీ అది మొదటి ఆటలోనే, చీపురుతో ఊడ్చినట్టు ఓడేది. బావ దానికి 'నీ పాత సంబంధం' అని పేరు పెట్టాడు.

"కుదిరి తప్పిపోయిన సంబంధం కోసం పెళ్ళయ్యాక కూడా ఏటా మొహం మాడ్చుకునే మగాణ్ణి మిమ్మల్నే చూశానండీ," అంటుంది మా ఆవిడ. మా అమ్మాయి మరీ కఠినం. "నాన్నా, దే ఆర్ లిటరల్లీ ట్రాష్," అని తేల్చేసి తన గదిలోకి పోతుంది. ఇక్కడ పుట్టిన పిల్లకు ఒక కాలేజీ రమ్మంటే ఏమవుతుందో ఏం తెలుసు, దానికి ఇంటి ముందే రైలు, రైలు దిగితే యూనివర్సిటీ.

మాకు ఇక్కడి పౌరసత్వం వచ్చిన ఏడాది బావ నన్ను కూర్చోబెట్టి నచ్చజెప్పాడు.

"ఒరేయ్, ప్రమాణం చేశావు, పాస్‌పోర్టొచ్చింది. ఇంకా ఆ సంబంధమేంటిరా? ఈసారన్నా కొట్టెయ్. ఒక్కసారన్నా చెంబు ఇంటికి తీసుకెళ్ళరా, బామ్మర్దివని సిగ్గేస్తోంది నాకు."

నాకూ నిజమే అనిపించింది. ఒక్కసారైనా చెంబు నా ఇంటికి రావాలని ఎంత కోరికో మీకు చెప్పలేను. రబ్బరు తీసుకుని ఆ పేరు చెరిపి, చివరి గడిలో అందరూ గెలుస్తుందంటున్న వేరే కాలేజీని రాశాను. ఏం చెప్పమంటారు, సరిగ్గా ఆ ఏడాదే నా పాత సంబంధానికి పూనకం వచ్చింది! మొదటి ఆట గెలిచింది, రెండోది గెలిచింది, కొమ్ములు తిరిగినవాళ్ళను కూలదోసుకుంటూ సెమీ ఫైనల్‌కి వచ్చి, నేను గెలుస్తుందని రాసుకున్న కాలేజీ ఎదుటే నిలబడింది. మిగతావాళ్ళ బ్రాకెట్లన్నీ అప్పటికే గుల్లయిపోయాయి. అంటే నాకు చెంబు రావాలంటే నా కాలేజీ ఓడాలి.

ఆదివారం పొద్దున్న బావ వాళ్ళింట్లో అందరం టీవీ ముందు పెసరట్లు పట్టుకుని కూర్చున్నాం. కాసేపటికే నేను నా గెలుపుకు వ్యతిరేకంగా కేకలు వేస్తున్నానని అందరికీ తెలిసిపోయింది. ఒక్క పాయింటు తేడా. ఆఖరి క్షణంలో నా కాలేజీ కుర్రాడు విసిరిన బంతి రింగు మీద పడి తిరగడం మొదలుపెట్టింది. అది తిరిగినంతసేపట్లో మా ఆవిడ లోపలికి వెళ్ళి రెండో వాయి అట్లు వేసుకొచ్చింది. తిరిగి తిరిగి, బయటికి పడింది. అందరూ లేచి నా వీపు చరిచారు, బావ చెంబునిండా మజ్జిగ పోసి చేతికిచ్చాడు. గెలిచిన ఆ ఒక్కసారి ఆ మజ్జిగ తాగకుండానే చెంబు బావ చేతికి తిరిగిచ్చేశాను.

ఇప్పుడు కాగితం లేదు, పెన్సిల్ లేదు, మేనేజరు ఎప్పుడో వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. మా పాత ఇంటివాళ్ళందరికీ పెద్ద పెద్ద ఇళ్ళు, రెండేసి కార్లు. ఎవరి ముందూ చేతులు కట్టుకోనక్కర్లేదు, కనుక ఎవరినీ కొట్టెయ్యాలన్న కసీ లేదు. ఆటో ఫిల్ తప్పేమీ లేదేమో, కోపం చల్లారినవాళ్ళకు పనికొచ్చే బటన్ అది. అదే నాకు మింగుడుపడటం లేదు. అంత కష్టపడి కాపాడుకున్న కోపాన్ని బావ ఎక్కడ పారేసుకున్నాడో, పారేసుకునేముందు నాతో ఒక మాటైనా చెప్పకూడదా?

ఇంక ఆ అబద్ధం సంగతి. నేను రబ్బరు తీసుకున్నమాట నిజం. ఆ పేరు మీద ఆనించినమాటా నిజం. చెరిపానన్నది అబద్ధం. ఆ ఏడాది కూడా నా కాలేజీ మొదటి ఆటలోనే ఓడింది, వెర్రిబీలో సాసేజీలు తిప్పింది నేనే. సెమీ ఫైనలూ, రింగు మీద తిరిగిన బంతీ, మజ్జిగా, అన్నీ నేను కట్టినవే. చెంబు బావ వాళ్ళింట్లో టీవీ పక్కన ఉంది, నా ఇంటి గడప ఎన్నడూ తొక్కలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చే రైల్లో, ఫోనులో నేనూ ఆ బటన్ నొక్కాను. అరక్షణంలో గళ్ళన్నీ నిండిపోయాయి. నా కాలేజీని అది మొదటి రౌండ్‌లోనే పంపించేసింది, వీసా కిటికీలో దొరసాని తల ఊపినంత తేలిగ్గా. రైలు దిగేలోగా ఒక్కో గడీ వేలితో మార్చుకుంటూ దాన్ని చివరిదాకా తీసుకొచ్చి, బావకు పంపించాను.

"నువ్వు మారవురా," అని జవాబొచ్చింది. కాసేపటికి ఇంకో బొమ్మ వచ్చింది. తనకు సీటివ్వని కాలేజీని మొదటి రౌండ్‌లోనే కొట్టేశాడు.