పులుపు లేని ఇల్లు

ఆ వీధుల్లో ఆమెను అందరూ నిచ్చెనమ్మ అంటారు. ఇళ్లకు రంగులు వేయడం ఆమె పని. సైకిలుకు నిచ్చెన కట్టుకుని, హ్యాండిలుకు బ్రష్షుల డబ్బా తగిలించుకుని వస్తుంటే ఎదురొచ్చేవాళ్లు పక్కకు తప్పుకోవాల్సిందే. తప్పుకోనివాళ్ల సంగతి ఆమె నోరు చూసుకునేది. బయట అంత నోరున్న మనిషి సొంత ఇంట్లో భోజనానికి కూర్చుంటే మాత్రం ముద్ద పెట్టుకోవడానికే ఆ నోరు తెరిచేది. అందుకు కారణం అత్తగారనుకుంటారేమో, కాదు. ఎప్పుడో పోయిన మామగారు.

మామగారు బస్సు డ్రైవరు. కడుపులో పుండు పడిందని డాక్టరు ఆయన చేత పులుపు మాన్పించాడు. ఆయనొక్కడూ మానేసి ఊరుకుంటే గొడవే లేదు. తాను తినలేనిది తన కళ్లముందు ఇంకొకరు తినడం ఆయనకు గిట్టలేదు. ఇంట్లో ఒక్కటే కూర, అందరికీ అదే అని హుకుం జారీ చేశాడు. ఆనాటి నుంచి నిమ్మకాయ గానీ, చింతపండు గానీ, కాస్త పులిసిన పెరుగు గానీ ఆ గడప తొక్కలేదు. తర్వాత ఆయన పోయాడు, ఆయనతోపాటు పుండూ పోయింది. హుకుం మాత్రం పోలేదు. దాన్ని అత్తగారు కళ్లకద్దుకుని కాపాడుతూ వచ్చింది. ఎందుకని అడిగితే, "మనింట్లో పులుపు తినరు," అనేది, అంతే.

నిచ్చెనమ్మకేమో పులుపంటే ప్రాణం.

పనికెళ్లిన చోట సాయంత్రం ఆలస్యమైతే ఆ ఇంటివాళ్ల భోజనాలు ఆమె కంటపడేవి. గడియారాలు బాగుచేసే ముసలాయన ఒంటరి మనిషి. రోజూ రాత్రి అవే ఉడికిన గుడ్లు, అవే రొట్టెముక్కలు. "విసుగు రాదా బాబాయ్?" అని అడిగిందోసారి. "ఇష్టమైనదానికి విసుగేంటమ్మా?" అన్నాడాయన, గుడ్డు మీద మిరియాలపొడి చల్లుకుంటూ. బ్యాంకు గుమస్తా ఇంట్లో మొగుడికి వెల్లుల్లి లేనిదే ముద్ద దిగదు, పెళ్లానికి ఆ వాసనకే కడుపులో తిప్పుతుంది. పొయ్యి మీద రెండు బాణళ్లు, రెండు కూరలు. ఒకే బల్ల దగ్గర కూర్చుని, నీ కూర గడ్డి అంటే నీ కూర గడ్డి అని వెక్కిరించుకుంటూ ఇద్దరూ సుబ్బరంగా తింటారు. వాళ్ల సంసారమేమీ కూలిపోలేదు. వాళ్లను చూస్తూ నిచ్చెనమ్మ బ్రష్షు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రంగంతా మోచేతి దాకా కారింది.

ఆమె పులుపు తిండి పనిచోటే సాగేది. మధ్యాహ్నం డబ్బా విప్పి, అన్నం మీద నిమ్మకాయ పిండుకుని, చివరికి చెక్కలు కూడా చీకేసేది. ఇంటికొస్తే అత్తగారి ముక్కు ఊరుకుంటుందా?

"ఏమే, నిమ్మకాయ వాసనేంటి?"

"చేతికంటిన రంగు వదలొద్దా అత్తయ్యా? నిమ్మచెక్కతో రుద్దుకున్నాను."

రంగుపనివాళ్లు నిమ్మచెక్క రుద్దుకోవడం ఉన్నదే కనుక ఆ అబద్ధం ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా నిలబడింది. మొగుడికి అసలు సంగతి తెలుసు. ఆయన గోదాములో కాపలా ఉద్యోగి. అక్కడ ఎంత గట్టివాడో ఏమో గానీ, ఇంట్లో మాత్రం గోడమీద పిల్లి.

ఒక సాయంత్రం నిచ్చెనమ్మ వచ్చేసరికి అత్తగారు నట్టింట్లో నిలబడి ఉంది. చేతిలో కొరికిన నిమ్మచెక్క. మనవరాలి బడిసంచీలో దొరికింది.

"ఇదేంటే?" అని అడుగుతోంది పిల్లను.

"చేతులకి రుద్దుకోవడానికి నానమ్మా," అంది పిల్ల.

"నీ చేతులకేమొచ్చింది? నువ్వు కూడా గోడలకి రంగులేస్తున్నావా?"

పిల్ల తన చేతులు చూసుకుంది. శుభ్రంగా ఉన్నాయి. గుమ్మంలో ఉన్న తల్లివైపు బిక్కమొహం వేసుకుని చూసి, "నాకు పులుపు ఇష్టం లేదు నానమ్మా. నిజంగా," అంది.

నిచ్చెనమ్మకు ముందు సిగ్గేసింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. ఏం దొంగతనం చేసిందని ఆ పిల్ల అలా వణకాలి? నాలుకకు నచ్చినదాన్ని నచ్చిందని చెప్పుకునే దిక్కు లేదా? పైగా ఆ అబద్ధం పిల్ల సొంతంగా కల్పించింది కూడా కాదు, అచ్చంగా తల్లి దగ్గర నేర్చుకున్నదే. నిచ్చెనమ్మ సైకిలు వెనక్కి తిప్పింది. వీధి చివరి కొట్టు నుంచి సంచీ నిండా నిమ్మకాయలు తెచ్చింది.

ఆ రాత్రి అందరూ కూర్చున్నాక కోసిన నిమ్మకాయల పళ్లెం బల్ల మధ్యలో పెట్టింది. తన కంచంలో ఒక చెక్క పిండుకుని, ఇంకో చెక్క పిల్ల చేతికిచ్చింది.

"నిమ్మకాయ నేను తినడానికే అత్తయ్యా. చేతులకి కిరసనాయిలు చాలు. ఇన్నేళ్లూ మీతో అబద్ధం చెప్పాను. ఇక చెప్పను."

"ఆయనే ఉండుంటే..."

"ఆయన లేరు. ఆయన పుండూ లేదు."

"పెద్దంతరం చిన్నంతరం లేకుండా పోయింది," అంటూ అత్తగారు కంచం పక్కకు నెట్టి లేచింది. "ఇంటికో పద్ధతంటూ ఉంటుంది."

ఆనాటి నుంచి ఆమె అందరి భోజనాలూ అయ్యాక వంటింట్లో ఒక్కతే తినేది. కోడలితో మాటల్లేవు. అత్తగారు మూతి ముడిచినకొద్దీ నిచ్చెనమ్మ నిమ్మకాయలు ఎక్కువ కోసింది.

"ఒక మెట్టు దిగితే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు మొగుడు.

"నా ఒక్కదాని సంగతైతే దిగేదాన్నే. ఇన్నాళ్లూ దిగే ఉన్నాను కదా. పిల్లకి నాలుకకు నచ్చేదొకటీ నోటితో చెప్పేదొకటీ నేర్పమంటే మాత్రం నా వల్ల కాదు."

పంతం పంతమే. అయినా ముసలామె వంటింట్లో ఒంటరిగా చల్లటి మెతుకులు కలుపుకోవడం చూస్తుంటే నిచ్చెనమ్మకు తన ముద్ద సయించడం మానేసింది. తాను గెలవాలనుకున్నది ఆమెను వేరుగా కూర్చోబెట్టడానికి కాదు. ఒక సాయంత్రం అన్నం వార్చేసి, అత్తగారి ఎదుటకు వెళ్లి నిలబడింది.

"మీకు వేరే వండుతాను అత్తయ్యా. ఏం కావాలో చెప్పండి."

"రోజూ ఉండేదే."

"అది మామయ్యకి ఇష్టం. మీకేమిష్టం?"

గట్టిగా ఏదో అనబోయి అత్తగారు ఆగిపోయింది. ఆమె మొహంలో కోపం పోయి కంగారు కనిపించింది.

"ఎవరడిగారు గనక," అంది చివరికి. తర్వాత గొంతు తగ్గించి, "మాడన్నం," అంది.

"మాడన్నమా?"

"గిన్నె అడుగున ఎర్రగా అంటుకుంటుంది చూడు, కరకరలాడుతుంది. మా అమ్మ గోకి నా చేతిలో పెట్టేది. ఇక్కడికొచ్చిన కొత్తలో నేనూ ఓసారి అడుగంటనిచ్చాను. ఒళ్లు దగ్గర పెట్టుకుని వండలేవా అని మీ మామయ్య గిన్నె తీసి ఆ గోడకేసి కొట్టాడు. మళ్లీ ఎన్నడూ మాడనివ్వలేదు."

పొయ్యి పక్క గోడ మీది గుంటను నిచ్చెనమ్మ ఎన్నిసార్లు లప్పం పెట్టి పూడ్చిందో. అదెలా పడిందో ఇంట్లో ఎవరూ ఆమెకు చెప్పలేదు.

ఆమె అన్నం గిన్నెను మళ్లీ పొయ్యి మీదకెక్కించి మంట పెట్టింది. కాసేపటికి గిన్నె అడుగున చిటపటలు మొదలయ్యాయి. అత్తగారి చెయ్యి అలవాటుకొద్దీ స్టవ్ మీదికి వెళ్లింది, మంట తగ్గించడానికి. నిచ్చెనమ్మ ఆపలేదు, పక్కకు జరిగి దారిచ్చింది. ఆ చెయ్యి అక్కడే కొంచెంసేపు ఆగింది.

ముందుగదిలోంచి మొగుడు కేకేశాడు. "ఏదో మాడుతోంది, చూసుకోండి."

నిచ్చెనమ్మ నోరు తెరిచేలోపే అత్తగారు మంట ఇంకాస్త పెంచింది.

"మాడనీ," అంది.