తలుపు తీసే పని

ఇక్కడ బర్మాలో, తాకేటా నుంచి వచ్చే సిటీ బస్సులో ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. గోధుమరంగు పొడవాటి అంగీ, నడుముకు తెల్లటి తాడు, కాళ్లకు అరిగిపోయిన చెప్పులు. నేను ఫోనులో మా చెల్లెలితో తెలుగులో మాట్లాడడం విని పలకరించాడు.

"ఏటి పని సేస్తావు తమ్ముడూ?"

"దర్వాన్నండి. ఒక పెద్ద బిల్డింగుకి తలుపు తీస్తాను. అదీ ఒక పనేనా!"

ఆయన ముఖం విప్పారింది. "నాదీ అదే పని! నేను ఫాదర్ని కాదు, ఒట్టి బ్రదర్ని. మా మఠానికి తలుపు తీసేది నేనే."

పజుండౌంగ్ వంతెన మీద బస్సు ఆగిపోయింది. అప్పుడాయన, వాళ్ల ఫ్రాన్సిస్కన్ సన్యాసుల సభలో ఎప్పుడో బతికిన ఒక పునీతుడి సంగతి చెప్పాడు. రైతుబిడ్డ, పెద్ద చదువు లేదు. నలభై ఏళ్లు మఠం గుమ్మంలో ఉండి, గంట మోగినప్పుడల్లా తలుపు తీశాడట. ఆకలితో వచ్చినవాళ్లకు రొట్టె పెట్టాడట.

"ఇంకేటి సేసినారు?" అని అడిగాను.

"ఇంకేటీ నేదు. ఒచ్చినోల్లని ఇసుక్కోనేదు, అంతే."

తన స్టాపు రాగానే దిగిపోయాడు. పేరైనా అడగలేదు నేను.

అప్పటిదాకా గంట మోగితే కుర్చీలోంచే "ఎవరది?" అని అరిచి, జవాబు నచ్చితేనే లేచేవాణ్ణి. మర్నాడు మోగగానే వెళ్లి తలుపు బార్లా తీశాను. ఎదురుగా, ఇస్త్రీ బట్టల మూటతో వారంవారం వచ్చే ముసలమ్మ. "రండమ్మా" అన్నాను బర్మా భాషలో.

నేను లేచొచ్చింది ఎవరికోసమా అని ఆమె వెనక్కి తిరిగి చూసింది.