పెన్‌గంగ దాటి వచ్చిన మాట

నా చిన్నప్పుడు మా ఊరికి ఇంగ్లీషు మాట ఏదీ నేరుగా వచ్చేది కాదు. ముందు మరాఠీలోకి దిగి, పడవెక్కి పెన్‌గంగ దాటి, ఆ తర్వాత తెలుగయ్యేది. మాది ఆదిలాబాద్ జిల్లా చివరి అంచు. జిల్లా దవాఖాన కంటే నది అవతలి పట్నంలోని దవాఖానే మాకు దగ్గర. అక్కడి డాక్టర్లు తమలో తాము ఇంగ్లీషు మాట్లాడుకునేవారు, రోగులతో మరాఠీ మాట్లాడేవారు. మా అవ్వకు, అంటే మా అమ్మకు, ఆ రెండూ రావు. అందుకే అవతలికి వెళ్లాలంటే పక్కింటి కాకు తోడు రావాల్సిందే. ఆమె అవతలి ఒడ్డున పుట్టి ఇవతలికి కోడలై వచ్చింది. కాకు అంటే మరాఠీలో పిన్ని. చిన్నా పెద్దా అందరికీ ఆమె కాకే.

ఆ ఏడు వానాకాలంలో మా తమ్ముడికి జ్వరం వచ్చింది. వాడికి అప్పుడు ఐదేళ్లు. జ్వరం తగ్గింది గాని కాళ్లు చచ్చుబడ్డాయి. ఎవరో చెప్పారని అవ్వ వాకిట్లో గుంట తవ్వించింది. రోజూ ఎండ ఎక్కగానే వాణ్ని అందులో నిలబెట్టి, నడుముదాకా వేడి ఇసుక నింపేది. కాళ్లకు బలం వస్తుందని ఆమె నమ్మకం. వాడు ఏడ్చేవాడు. మొదట గట్టిగా, తర్వాత సన్నగా. ఆ సన్నటి ఏడుపు గోడ అవతల కాకు ఇంటిదాకా వినిపించేది. అవ్వ ముఖం పక్కకు తిప్పుకొని ఇసుక సర్దేది.

పత్తి ఏరే రోజుల్లో దవాఖానకు బయలుదేరాం. బుధవారం. మా ఇంట్లో కొందరు మంగళవారం అంటారు, అది తప్పు. మంగళవారం మా ఊరి సంత, ఆ రోజు కాకు ఊరు దాటేది కాదు. బాపు, మా నాన్న, చేను వదిలి రాలేకపోయాడు. అవ్వా నేనూ వంతులవారీగా తమ్ముణ్ని చంకనెత్తుకున్నాం.

డాక్టర్ పెద్దాయన. తమ్ముడి మోకాళ్లు తట్టి చూశాడు, అరికాళ్లు గీరాడు. పక్కనున్న కుర్ర డాక్టర్‌తో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. అందులో ఒక్క మాట రెండుసార్లు వినపడింది. పర్మనెంట్. కాకు వెంటనే పట్టుకుంది, ఆ మాటకు అర్థమేమిటని మరాఠీలో అడిగింది. ఆయన నవ్వి, "హళూహళూ కళేల్" అన్నాడు. మెల్లమెల్లగా తెలుస్తుందని. కాకు కదలలేదు. అడిగిందే మళ్లీ అడిగింది. ఆయన బల్లవైపు చూస్తూ, "కాయంచ" అన్నాడు. ఎప్పటికీ ఉండిపోయేది అని.

ఇంకొకరైతే అక్కడితో లేచేవారు. కాకు మాత్రం ఆ మాట ఇంకా దేని గురించి వాడతారని అడిగిందట. నౌకరీ గురించి అని ఆయన చెప్పాడట, తన నౌకరీ పర్మనెంట్ అని. మరి ముసలితనంలో ఆ నౌకరీ పోతుంది కదా, పిల్లవాడిది కూడా అట్లాగే ఎప్పుడో పోతుందా అని కాకు అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇదంతా కాకు నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. ఆ రోజు నాకు అర్థమైంది ఆ తల ఊపడం ఒక్కటే.

దారిపొడుగునా అవ్వ అడుగుతూనే ఉంది. కాకు, పడవ దిగినంక చెప్తా అంది. ఇవతలి ఒడ్డున దిగి ఇసుకలో కూర్చున్నాం. తమ్ముడు నా ఒడిలో ఉన్నాడు. కాకు అవ్వ ఎడమచెయ్యి తీసుకుంది, మణికట్టు మీది పచ్చబొట్టును బొటనవేలితో రుద్దింది.

"గిది ఎప్పుడు పొడిపిచ్చుకున్నవ్ చెల్లే?"

"లగ్గానికి ముందు. ఇప్పుడెందుకు కాకు గా ముచ్చట? డాక్టర్ ఏమన్నడో చెప్పరాదు."

"ఎంత సబ్బు రుద్దినవ్ దీనికి? పోయిందా?"

"నీకేమన్న పిచ్చా? పచ్చబొట్టు యాడ పోతది? నాతోనే కట్టెల మీదికొస్తది."

"డాక్టర్ గదే అన్నడు," అంది కాకు. "పోరన్ని ఇగ గుంతల నిలవెట్టకు."

అవ్వ ఏడవలేదు. మణికట్టు వైపు చూసుకుంటూ కూర్చుంది. తర్వాత లేచి, నా ఒడిలోంచి తమ్ముణ్ని తీసుకుని చంకనెత్తుకుంది. ఇంటిదాకా నాకు వంతు ఇవ్వలేదు.

తమ్ముడు నిద్రపోయాడనుకున్నాం. వాడు అంతా విన్నాడు.

మరునాడు పొద్దున అవ్వ స్నానాల బండ దగ్గర గిన్నెలు తోముతోంది. వాడు చేతుల మీద పాకుతూ వెళ్లాడు. "అవ్వా, చెయ్యియ్యి" అన్నాడు. చింతపండు పిప్పి, బూడిద కలిపి ఆ పచ్చబొట్టును రుద్దడం మొదలుపెట్టాడు. అవ్వకు ఒక్క క్షణంలో అర్థమైంది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వాడు పక్కనున్న పెంకుముక్క అందుకుని దాంతో రుద్దాడు. చర్మం కందింది, తర్వాత చెమ్మగా నెత్తురు కనిపించింది. "పోతదవ్వా, జర ఆగు" అంటున్నాడు, రొప్పుతూ. అలికిడికి కాకు గోడ పక్కకు వచ్చింది, చూసి ఒక్క పరుగున లోపలికొచ్చింది. పెంకు లాక్కోబోయింది.

"రుద్దనియ్యి కాకు," అంది అవ్వ. "అలిసిపోనియ్యి."

కాకు అక్కడే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు అలిసిపోయేదాకా రుద్దాడు. తర్వాత అవ్వ చెంబెడు నీళ్లు పోసుకుని కడుక్కుంది. బూడిద పోయింది, చింతపండు పోయింది. ఎర్రబడ్డ తోలు మీద పచ్చబొట్టు మునుపటి కంటే స్పష్టంగా కనిపించింది. వాడు దాన్ని కాసేపు చూశాడు.

"ఆకలైతుందే" అన్నాడు.

అవ్వ వాడికి అన్నం పెట్టింది. తిన్నాక పార తీసుకుని, ఒక్కతే, వాకిట్లో గుంట పూడ్చేసింది. మళ్లీ ఆ ఇంట్లో ఆ సన్నటి ఏడుపు వినపడలేదు. తానెప్పుడు నడుస్తాడని వాడు మళ్లీ అడగలేదు. బడికి నా వీపు మీద వచ్చాడు, పెద్దయ్యాక మూడు చక్రాల బండి మీద తిరిగాడు. నడవడం మాత్రం ఎన్నడూ నడవలేదు. అవ్వ పోయిన రోజు వాడు ఆ బండి మీదే కాట్లో కట్టెలదాకా వచ్చాడు. కప్పిన బట్ట కింద నుంచి అవ్వ ఎడమచెయ్యి కొంచెం బయటికి కనిపించింది. మేమిద్దరం ఒకే చోట చూశాం. ఇప్పుడు వాడూ లేడు, కాకూ లేదు.

పోయిన నెల కరీంనగర్‌లో కంటి డాక్టర్ నా కళ్లు చూసి, మా బిడ్డతో ఇంగ్లీషులో మాట్లాడాడు. అందులోనూ పర్మనెంట్ అన్న మాట వినపడింది. ఏమన్నాడని బిడ్డను అడిగాను. "ఏం లేదవ్వా, మెల్లగ సూస్తమన్నడు" అంది, ఫోన్ వైపు చూస్తూ. నేను డాక్టర్ వైపు తిరిగి, ఆ మాట ఇంకా దేని గురించి వాడతారు సారూ అని అడిగాను. ఆయన బల్లవైపు చూశాడు. అది చాలు నాకు.

అవ్వ మాకెవరికీ పచ్చబొట్టు పొడిపించనివ్వలేదు. నా మణికట్టు మీద ఏమీ లేదు. అయినా ఆ కుర్చీలో కూర్చుని బొటనవేలితో అక్కడే రుద్దుకుంటున్నాను. "ఏమైందవ్వా, దురదా?" అని బిడ్డ అడిగింది. ఏం లేదు, ఆకలైతుంది, ఇంటికి పోదాం పద అన్నాను.