రెండో బస్తాలో పప్పు

వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే షెడ్లు చాలా ఉన్నాయి. అందులో ఒకదాంట్లో మాణిక్యమ్మ ఏళ్ల తరబడి పప్పు ఏరుతోంది. గుండ్లు ఒక పక్క, బద్దలు ఒక పక్క, నూక ఒక పక్క. పక్కదానితో కబుర్లాడుతున్నా ఆమె వేళ్లు పొరపాటు పడవు. "చూడక్కర్లేదండీ. పుచ్చుపప్పు తేలిగ్గా ఉంటుంది, వేలికే తెలిసిపోతుంది" అంటుంది.

ఆ తెలివితో బజార్లో ఆమెకు సుఖం లేదు. తెలియనివాళ్లు చవకది కొని హాయిగా తింటారు. మాణిక్యమ్మ చవకదీ కొంటుంది, అది ఎందుకు చవకో ఆ సంగతీ ఇంటికి మోసుకొస్తుంది. శనివారం కూలి బట్వాడా అయ్యాక ఆమె కొనే పద్ధతి ఒకటుంది. బియ్యం రెండో రకం, నూక తగిలినా పర్లేదు. చింతపండు గింజా పీచూ ఉన్నదే, కూర్చుని తీసుకుంటే సరి. బెల్లం నల్లది. కూరగాయలు సంత ఎత్తేసే వేళకి. ఒక్క కందిపప్పు దగ్గర మాత్రం రాజీపడదు. మొగుడు పానకాలుకి కడుపులో పుండు. ఉడకని పప్పు తింటే రెండు రోజులు మెలికలు తిరిగిపోతాడు, మగ్గం గుంటలో కూర్చోలేడు. మగ్గం ఆగితే ఆ వారం ఇంటికి ఆమె కూలి ఒక్కటే.

వాళ్ల వీధి చివర పేరయ్య కొట్లో పప్పు రెండు బస్తాల్లో ఉండేది. మొదటిది కొత్త పంట. రెండోది ఎప్పటిదో పాత సరుకు, నూనె పట్టించి మెరిపించింది. మాణిక్యమ్మ ఏ బస్తాలో చెయ్యి పెడితే వీధి ఆడవాళ్లంతా ఆ బస్తాలోనే తీసుకునేవాళ్లు. పక్కింటి ఖుర్షిదా అయితే బస్తా వంక చూసేదే కాదు. "అక్క తీసుకున్నదే నాకూ పొయ్యి శెట్టీ" అనేది. దాంతో రెండో బస్తా చవకైనా కదల్లేదు.

రెండువేల ఒకటి ఎండాకాలంలో మంచిపప్పు ధర కిలోకి ఆరు రూపాయలు పెరిగింది. మాణిక్యమ్మ పిడికెడు తీసి మళ్లీ బస్తాలోనే పోసేసింది.

"అరకిలో ఇవ్వండి శెట్టిగారూ."

"అరకిలోతో వారం ఎక్కడ గడుస్తుందమ్మా?" అన్నాడు పేరయ్య. కొట్లో ఇంకెవరూ లేరు. అయినా గొంతు తగ్గించాడు. "నీకు మంచిపప్పే రెండోదాని ధరకి ఇస్తా. నువ్వు మాత్రం నలుగురూ ఉన్నప్పుడు వచ్చి రెండో బస్తాలో తీసుకో. లోపలికెళ్లి పొట్లం మార్చి తెస్తా. నువ్వేమీ చెప్పక్కర్లేదు. బాగుందని కూడా అనక్కర్లేదు."

"అనకపోయినా అన్నట్టేగా?"

"నేనేమన్నా వాళ్ల మెడలు వంచి కొనిపిస్తున్నానా?"

ఆ సాయంత్రమే ఆమె రెండో బస్తాలో చెయ్యి పెట్టింది. వెనకాలే ఖుర్షిదా రెండు కిలోలు పోయించుకుంది. "వాళ్లకీ చవగ్గానే వస్తోందిగా అనుకున్నానండీ" అంటుంది మాణిక్యమ్మ.

నెల తిరిగేసరికి ఖుర్షిదా పెరటి గోడ మీంచి పిలిచింది. "అక్కా, మీ పప్పు ఎంతసేపటికి ఉడుకుతోంది? నా స్టవ్వులో కిరసనాయిలు అయిపోతోంది గానీ బద్ద బద్దలాగే ఉంటోంది. పప్పు వండటం కూడా రాదా అని మా ఆయన కంచం నెట్టేశాడు."

"ఉప్పు ముందే వేస్తున్నావేమో."

"లేదక్కా."

"అయితే సోడా చిటికెడు వేసి చూడు."

ఖుర్షిదా తలూపి పోయింది. మాణిక్యమ్మ పొయ్యి మీద పప్పు అప్పటికే వెన్నలా ఉడికి, వాసన గోడ దాటుతోంది. గబుక్కున మూత పెట్టింది.

మరుసటి శనివారం ఎవరూ రాకముందే కొట్టుకి పోయింది. "ఇది నావల్ల కాదు శెట్టిగారూ. నా అరకిలో నాకిచ్చెయ్యండి."

పేరయ్య నవ్వాడు. "ఇవాళ నువ్వు మొదటి బస్తాకి పోతే, రెండోదానికేమొచ్చిందని వాళ్లు అడగరూ? ఈ నెలంతా నువ్వు తిన్నదేమిటో చెబుతావా మరి?"

ఇంతలో వీధి ఆడవాళ్లు రానే వచ్చారు. ఆమె రెండో బస్తాలోనే తీసుకుంది. పేరయ్య తూచి, లోపలికెళ్లి పొట్లం కట్టి తెచ్చాడు. మూల విప్పి రెండు బద్దలు నలిపి చూసుకుంది మాణిక్యమ్మ. జిడ్డు. పేరయ్య పొట్లం మార్చలేదు.

"ఏమ్మా, నువ్వు తీసిందేగా?" అన్నాడు అందరూ వినేటట్టు.

ఆమె పొట్లం మూసి సంచిలో వేసుకుంది.

ఇంటికొచ్చి ఆ పప్పుని వేణ్నీళ్లతో కడిగింది, రాత్రంతా నానబెట్టింది, మర్నాడు పూటంతా ఉడికించింది, పప్పుగుత్తితో చెయ్యి నొప్పెట్టేదాకా ఎనిపింది. సోమవారం పొద్దున పానకాలు మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాడు.

మగ్గం చప్పుడు లేకపోయేసరికి ఖుర్షిదా వచ్చింది. "అన్నయ్యకి ఒంట్లో బాగాలేదా?"

"పప్పు పడలేదు. ఉడకలేదు."

"మీ ఇంట్లోనూ ఉడకలేదా!" ఖుర్షిదా మొహం విచ్చుకుంది. "ఇన్నాళ్లూ నా చేతిలోనే ఏదో లోపం ఉందని ఏడుస్తున్నా అక్కా. సోడా వేసీ వేసీ ఇల్లంతా సబ్బు వాసన. ఉండు, మా ఆయనకి ఇప్పుడే చెబుతా, మాణిక్యమ్మక్కకే ఉడకలేదంట, నేనెంత అని."

"చెప్పు" అంది మాణిక్యమ్మ.

గుమ్మం దాకా వెళ్లి ఖుర్షిదా వెనక్కి తిరిగింది. "మరి వచ్చే శనివారం ఏ బస్తాలో తీసుకుందాం?"

లోపల పానకాలు మూలుగుతున్నాడు. మొదటి బస్తా దగ్గర నిలబడితే పేరయ్య నలుగురిలో ఏమంటాడో ఆమెకు తెలుసు.

"మొదటిదాంట్లో" అంది. "అరకిలో."

"అరకిలో వారమంతా వస్తుందా అక్కా?"

"రాదు" అంది మాణిక్యమ్మ.