కుట్టు విప్పిన కథల పుస్తకం

మొన్న మనవరాలు నా పుట్టినరోజుకని ఒక లావుపాటి కథల పుస్తకం తెచ్చింది. అట్ట మీద సిల్కు లాల్చీ, చేతికర్రతో ఆ జమీందారుబాబే. ఊసుపోక దొంగల వెంటా రహస్యాల వెంటా తిరిగే ఆ పెద్దమనిషిని మన వయసువాళ్ళం ఎవరం మరిచిపోతాం! పిల్ల చిన్నబుచ్చుకుంటుందని నవ్వాను గానీ, సిగ్గుతో పుస్తకం తెరవలేకపోయాను.

అరవైల చివర విజయనగరంలో టీచరు ట్రైనింగు చదువుతూ ఎనిమిదిమందిమి ఒక హాస్టల్లో ఉండేవాళ్ళం. ఆ కథలంటే అందరికీ పిచ్చి, వంతు వచ్చేదాకా ఆగే ఓపిక మాత్రం ఎవరికీ లేదు. అందుకని పుస్తకం కుట్టు విప్పి, కథకొక కట్టగా విడదీసి పంచుకుని, అందరం చదివాక దబ్బనంతో మళ్ళీ కుట్టేసేవాళ్ళం. ఆ కుట్టే పని నాది.

ఒకసారి అలా కుట్టి చూసుకుంటే ఆఖరి కథ లేదు. దాని ముందు పేజీ మీద పసుపు వేలిముద్ర ఉంది. ఇంకేం, బాబుగారు నన్ను పూనాడు. భోజనాలయ్యాక వార్డెనమ్మగారి ఎదుట అందరినీ కూర్చోబెట్టి, కథల చివర ఆయన చేసినట్టే పచార్లు చేస్తూ, పసుపు చేతులు ఎవరివి, పొయ్యి ముట్టించడానికి కాగితాలు ఎవరికి కావాలి అని ఒక్కొక్క ముడీ విప్పి, రాజాం ఊరి నుంచి వచ్చి మాకు వండిపెడుతున్నందుకు మేం రాజాం అక్క అని పిలిచే ఆమె వైపు వేలు చూపించాను. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు.

“ఏటమ్మా, అడిగితే కాయితాలు మీరే ఇస్తారు కదా, దొంగతనం సేస్తానేటి?” అంది అక్క. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి కూడా, దొంగలందరూ అలాగే అంటారని నవ్వాను. వార్డెనమ్మ ఉండమన్నా, ఆ మాట పడ్డాక ఉండలేనని మర్నాడు పొద్దున్నే బట్టలు మూటగట్టుకుని బస్సెక్కేసింది.

పరీక్షల ముందు నా నోట్సు తిరగేస్తే, సైకాలజీ కాగితాల నడుమ ఆ కథ. నోట్సు కూడా పుస్తకం కుట్టిన పూటే, ఆ దారంతోనే నేనే కుట్టుకున్నాను. పులిహోర తింటూ ఆ పేజీ చదివిందీ నేనే.

రాజాం ఏమంత దూరం? వెళ్ళి కాళ్ళమీద పడాల్సింది. కనీసం వార్డెనమ్మకు చెప్పినా ఆమెకు కబురంపేది. చెప్పలేదు. చప్పట్లు కొట్టిన అమ్మాయిల ముందు తలదించుకోవడం కన్నా చావు నయమనిపించింది. కథను పెట్టె అడుగున దాచేసి, కొత్త వంటమనిషి పులుసు బాగాలేదని అందరితో పాటు సణుగుతూ మిగిలిన రోజులు గడిపేశాను.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు పంతులమ్మనై, తప్పు ఒప్పుకోమని ఎంతమంది పిల్లల్ని నిలబెట్టానో! ఇప్పుడు కాలం మారింది. ఎవరి ఆచూకీ కావాలన్నా, పేరు చెబితే ఫోనులోనే వెతికి చెప్పేస్తున్నారు. నేనూ వెతికించుకుందును. ఏడాది పాటు ఆమె చేతి అన్నం తిన్నాను గానీ, నీ పేరేమిటక్కా అని ఒక్కనాడూ అడగలేదు.