గాలిలో వంతు

తొమ్మిదికి లాగిన్. ఎనిమిదిన్నరకే నేను మిద్దె మీద ఉంటాను. నీళ్ల ట్యాంకు పక్కన ఇనుప పైపుకు బిగించిన చిన్న డిష్ ఒకటి ఉంది, అన్నం తినే కంచమంత. దాని వెనక మూడు పచ్చ లైట్లూ వెలుగుతున్నాయని చూసుకుంటే గానీ నాకు కాఫీ గొంతు దిగదు. "దేవుడికి కూడా ఇన్ని సార్లు మొక్కవు కదే" అని మా అమ్మ కింద నుంచి ఎగతాళి చేస్తుంది. నిజమే. దేవుడైతే నన్ను మళ్లీ బెంగుళూరుకు తరిమెయ్యడు.

మాది పుంగనూరు అవతల ఒక మెట్ట ఊరు. బెంగుళూరు కంపెనీ ఒకదానికి ఆస్పత్రి బిల్లులు సరిచూసే పని నాది. మొదటి రెండేండ్లు అక్కడే హాస్టల్లో ఉండి చేశాను. మా ఆయనది కుప్పం దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీలో పని, ఆదివారం మాత్రమే వస్తాడు. పాపను మా అమ్మ పెంచింది. ఒకసారి సెలవు మీద వస్తే పాప మా అమ్మను 'అమ్మా' అని పిలిచి, నన్ను చూసి 'అక్కా' అనింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత బాత్రూం తలుపేసుకుని, కొళాయి తిప్పి, కరువుదీరా ఏడ్చాను.

ఇంటి నుంచి చేస్తానని కాళ్లావేళ్లా పడితే కంపెనీ ఒప్పుకుంది, ఒక షరతు మీద. పనివేళలో లైను పది నిమిషాలకు మించి పోతే ఒక గుర్తు పడుతుంది. ఆరు నెలల్లో మూడు గుర్తులు పడితే మూటాముల్లె సర్దుకుని ఆఫీసుకు రావాలి.

మా ఊరికి వైరు నెట్ రాలేదు. ఫోన్ టవరు గుట్ట చాటున ఉంది. అప్పుడు దొరికాడు మా నెట్టాయన, ఒకప్పుడు పుంగనూరులో కేబుల్ టీవీ నడిపిన మనిషి. గుట్ట మీద ఒక పెట్టె పెట్టి, అక్కడి నుంచి మిద్దెలకు గాలిలోనే నెట్ పంపుతాడు. నాకు ప్రతిదానికీ భయమే కదా, "దీనికి లైసెన్సు కావల్ల కదన్నా?" అని అడిగాను.

"అక్కర్లేదమ్మా. ఫోన్ కంపెనీలోళ్లు వేలంలో కొనుక్కునే గాలి వేరే. ఇది సర్కారు అందరికీ వదిలిపెట్టిండే గాలి. ఇండ్లల్లో వైఫై తిరిగేదీ దీంట్లోనే. ఎవురైనా వాడుకోవచ్చు."

ఊరికే వచ్చిన దానికి విలువ లేదంటారు. మా ఊళ్లో ఆ గాలి ఏం చేసిందో నేను చూశాను. పాల కేంద్రంలో వెన్న కొలత అక్కడికక్కడే పట్నానికి పోయేది. మదనపల్లె మార్కెట్లో టమోటా ఎంత పలుకుతోందో చూసుకున్నాకే మా నాయన కోతకు కూలోళ్లను పిలిచేవాడు. అంతకుముందు మార్కెట్టు దాకా మోసుకుపోయి, ఆటో బాడుగ కూడా రాక దారి పక్కన పారబోసి వచ్చిన రోజులున్నాయి. ఆ గాలికి ఎవరైనా ఖరీదు కట్టాలనుకుంటే, నా కూతురు ఇప్పుడు నన్ను ఏమని పిలుస్తోందో అది కూడా కలుపుకోమంటాను.

పోయిన ఎండాకాలం మొదట్లో లైను తెగడం మొదలైంది. బాగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి స్క్రీను బిగుసుకుపోయేది. ఒకే వారంలో రెండు గుర్తులు పడ్డాయి. నేను క్యాలెండరులో ఆ తేదీల చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టాను. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. పాప నా కొంగు పట్టుకుని పడుకుంటే, ఆ పిడికిలి విప్పాలంటే భయం వేసేది.

నెట్టాయన గుట్టెక్కి దిగి వచ్చాడు. "గాలిలో దోవలు ఉంటాయమ్మా. మన దోవలోకే ఇంకొకరు వచ్చి పడినారు. అదో, ఆ ఎదురు గుట్ట కింది పల్లెలో కొత్తగా డిష్ పెట్టినారు. నెట్ ఇచ్చేది వేరే ఆయప్ప."

"కంప్లయింటు ఇయ్యన్నా!"

"యాడ ఇస్తామమ్మా? మనకెంత హక్కు ఉండాదో వాళ్లకీ అంతే. ఈ పక్క పనికొచ్చే దోవలు రెండే. కావాలంటే మనం రెండూ పట్టుకోవచ్చు. తప్పేం కాదు. కాకపోతే వాళ్లకు ఇబ్బంది."

వాళ్లెవరో నాకు తెలియదు. ఆ పూట తెలుసుకోవాలనీ అనిపించలేదు. "పట్టుకో అన్నా" అన్నాను.

పన్నెండు రోజులు లైను రాయిలాగా నిలబడింది. పాపకు రెండు జడలేసి బడికి పంపాను. పదమూడో రోజు మళ్లీ తెగింది. తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాలూ నేను మిద్దె మీద డిష్ పైపు పట్టుకుని నిలబడ్డాను, పట్టుకుంటే ఏదో ఆగుతుందన్నట్టు. అవతలి వాళ్లు తమ సిగ్నలు జోరు పెంచారన్నాడు నెట్టాయన. మనం ఇంకా పెంచాల్సిందే అని నేను అరుస్తుంటే మా నాయన విన్నాడు.

మా చేనులో రెండు బోరు పైపులున్నాయి, నోటి మీద రాళ్లు పెట్టి. ఒకటి మాది, ఒకటి మా చిన్నాయనది. చిన్నాయన ఆరొందల అడుగులు వేస్తే మా నాయన ఎనిమిదొందలు వేశాడు, దాని మీద ఆయన వెయ్యి వేశాడు. ఇప్పుడు రెంటిలోనూ చుక్క లేదు.

"మా తాతలప్పుడు రెండిండ్లకూ ఒకటే బాయి" అన్నాడు నాయన. "పొద్దున మాది, మాపుసారి వాళ్లది. వాళ్లు ఊళ్లో లేకపోయినా వాళ్ల వంతు నీళ్లు మేం మళ్లించేది లేదు. వంతు ఉన్నన్ని దినాలు నీళ్లుండె. సూడు, నువ్వు కూడా బోరేస్తాండావు."

"ఇది నీళ్లు కాదు నాయనా!" అని విసుక్కున్నాను. మరుసటి రోజు నాకు వారపు సెలవు. వాళ్లతోనే తేల్చుకుందామని స్కూటీ తీశాను. దారి పొడుగునా ఏమేం తిట్టాలో పేర్చుకుంటూ పోయాను.

డిష్ ఉన్న ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. తలుపు తీసింది నాకంటే చిన్నపిల్ల. మెడలో హెడ్‌ఫోన్ వేలాడుతోంది. వెనక చీర ఉయ్యాలలో ఏడాది బిడ్డ నిద్రపోతోంది. పేర్చుకున్న తిట్లు పక్కన పెట్టి, చెప్పులు గడప బయట విడిచాను.

"యాడినుంచి వచ్చినారక్కా?" అని చాప వేసింది. ఎదురు గోడకు క్యాలెండరు. మూడు తేదీల చుట్టూ ఎర్ర సున్నాలు. వాళ్ల కంపెనీ వేరే, షరతు మాత్రం అదే. తేదీలు చూశాను. మూడూ నా పన్నెండు రోజుల్లోవే.

"మూడోది పడినాంకనే మా నెట్టాయన జోరు పెంచినాడక్కా. ఏం లాభం? సోమవారం కుప్పంలో బెంగుళూరు రైలెక్కాల. బిడ్డను మా అత్త దగ్గర ఇడిసిపెట్టి."

నేనెవరో చెప్పాను. రెండు దోవలూ పట్టుకోమన్నది నేనేనని కూడా చెప్పాను. ఆమె తిట్టలేదు. ఉయ్యాల తాడు పట్టుకుని బిడ్డను మెల్లగా ఊపసాగింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే నెట్టాయనలిద్దరినీ కూర్చోబెట్టాను. చెరొక దోవ, ఒకరి దోవలోకి ఒకరు పోకూడదని ఒప్పించాను. పది నిమిషాల పని. నా లైను కాస్త నిదానమైంది గానీ మళ్లీ తెగలేదు. వాళ్ల కంపెనీకి ఆమె ఎన్ని మెయిళ్లు పెట్టినా ఆ మూడు సున్నాలు చెరగలేదు. సోమవారం ఆమె రైలెక్కింది.

నెల తర్వాత నెట్టాయన వచ్చాడు. "ఆయమ్మ పోయిండాది కదా. ఆ దోవ ఊరికే పడి ఉండాది, యాల ఇడిసిపెట్టేది? మనం తీసుకుంటే నీ లైను పరిగెత్తుతాది."

"ఊరికే లేదన్నా. వాళ్లత్త ఆ బిడ్డకు వాళ్లమ్మను వీడియోలో చూపించేది దాంట్లోనే. వంతు వాళ్లది, ఉండనీ."

ఆమె నాకు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. ఏడాది దాకా ఇంటి నుంచి పని చెయ్యనివ్వరట. మొన్న మాట్లాడుతూ, "వీడియో బాగా వస్తాందక్కా, ఒక్కసారి కూడా ఆగలేదు" అనింది. నాకు కొంచెం ప్రాణం కుదుటపడింది.

"బిడ్డకు మాటలు కూడా వస్తాండాయి. నిన్న నన్ను సూసి 'అక్కా' అనింది. అందరూ నవ్వినారు" అని, తనూ నవ్వబోయింది.

నేను ఫోన్ పట్టుకుని మిద్దె మీదే కూర్చున్నాను. కింద నుంచి మా పాప "అమ్మా, జడ!" అని కేకేస్తోంది. ఆ పిలుపు ఆమెకు వినబడకుండా ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాను.