డ్రమ్స్ కింద వినిపించిన మాట

దయ్యాల కథ చెబుతూ ఎవరైనా గొంతు తగ్గిస్తే నాకు నవ్వొచ్చేది. మొహం మీదే నవ్వేవాణ్ని కూడా. నేను చెప్పబోయేదాంట్లో దయ్యం లేదు, చచ్చిపోయినవాళ్లూ లేరు. అయినా తలుచుకుంటే ఈరోజుకీ నాకు భయమే.

మాది తెనాలి వైపు. ఉద్యోగం కోసం కొత్తగా వచ్చి, ఇబ్రహీంపట్నం దగ్గర శేరిగూడలో మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. బొంగులూరు దగ్గర రింగు రోడ్డు పనులు నడుస్తున్న రోజులవి. ఎటు చూసినా ఇళ్ల స్థలాలు అమ్మే వెంచర్ల జెండాలే. నాదీ ఒక వెంచర్ ఆఫీసులోనే పని. సెలవు రోజుల్లో ఇంట్లో పాటలు రికార్డు చేసేవాణ్ని. గోడలకు పాత బొంతలు వేలాడదీసి, ఆ గదిని స్టూడియో అని గొప్పగా చెప్పుకునేవాణ్ని.

డ్రమ్స్ వాయించేది నర్సింహ. పనిదినాల్లో జేసీబీ నడిపేవాడు. ఇల్లు ఇబ్రహీంపట్నంలోనే. భార్య కాన్పుకు పుట్టింటికి వెళ్లడంతో ఇంట్లో అతనూ, వాళ్ల నాన్నా మిగిలారు. ఆయన్ను నేను అప్పటికి చూడలేదు.

ఎండాకాలం. ఒక ఆదివారం నర్సింహ వాయించాడు, నేను రికార్డు చేశాను. ఆ వారంలోనే మిక్సింగుకు కూర్చున్నాను.

డ్రమ్స్‌కు బలం రావడానికి రికార్డింగు చేసేవాళ్లం ఒక పని చేస్తాం. ఆ డ్రమ్స్ ట్రాకుకు ఇంకో కాపీ తీసి, పెద్ద చప్పుళ్లను అణిచి చిన్నవాటిని లేపే కంప్రెసర్‌తో కాపీని గట్టిగా నొక్కేసి, అసలు ట్రాకు కింద కాస్త కలుపుతాం. దెబ్బ పదును దెబ్బకే ఉంటుంది, కింద నుంచి బరువు వస్తుంది. చిక్కల్లా ఒకటే. అలా నొక్కినప్పుడు దెబ్బల మధ్య ఉన్న చిన్న చప్పుళ్లు, ఫ్యాను గాలి, కుర్చీ కిర్రుమనడం, అన్నీ పైకి తేలతాయి.

నొక్కిన కాపీ ఒక్కటే వింటుంటే రెండో చరణం దగ్గర ఒక మాట వినబడింది. ముసలి గొంతు. "ధూపం" అన్నట్టుంది. కాసేపాగి మళ్లీ అదే.

కింద ఇంటివాళ్లు సాంబ్రాణి వేస్తారు, వాళ్ల మాటలేమో అనుకున్నాను. అసలు ట్రాకులో అదే చోట సౌండు పూర్తిగా పెంచి విన్నాను. ఏమీ లేదు. నా చెవుల మీద నాకు తగని పొగరు, అందుకే చిరాకేసింది. మర్నాడు నాకు ఆఫీసు లేదు, పని కాగానే రమ్మని నర్సింహకు అప్పుడే ఫోన్ చేశాను.

మర్నాడు మధ్యాహ్నం అటునుంచి అటే వచ్చాడు. కాపీ వినిపించి, "ఎవరో ధూపం వెయ్యమంటున్నారయ్యా నీ డ్రమ్స్‌కి," అని నవ్వాను.

అతను నవ్వలేదు. హెడ్‌ఫోన్స్ రెండు చేతులతో అదిమిపట్టి మళ్లీ పెట్టమన్నాడు.

"ధూపం గాదన్నా. దూప. దూపైతుంది అంటుండు. గది మా బాపు గొంతు."

ఇక్కడివాళ్లు దాహాన్ని దూప అంటారని నాకు తెలిసింది అప్పుడే.

"ఆదివారం మీ నాన్న ఇక్కడికొచ్చాడా?"

"యాడొస్తడన్నా, మెట్లే ఎక్కలేడు."

ఇంటికి ఫోన్ చేశాడు. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. "జర బండి తియ్యన్నా," అన్నాడు. దారి పొడుగునా టిప్పర్ల దుమ్ము.

తలుపు లోపల గడియ వేసి ఉంది. వెనక గోడ దూకి వెళ్లాం. వంటింటి గడప దగ్గర ఆయన పడి ఉన్నాడు, తుంటి విరిగి కదల్లేకుండా. పెదాలు పగిలిపోయాయి. నీళ్లబిందె కళ్లెదురుగానే ఉంది, చెయ్యి మాత్రం అందదు. నర్సింహ ఆయన తల ఒళ్లో పెట్టుకుని, ఏడుస్తూనే కొంచెం కొంచెంగా నీళ్లు పట్టాడు.

ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం దక్కేది కాదని దవాఖానలో అన్నారు. ఆయన పడింది ఆ రోజు పొద్దున, కొడుకు పనికి వెళ్లాక. ఆదివారం శుభ్రంగా తిరుగుతూనే ఉన్నాడు.

సాయంత్రానికి ఆయనకు మాట వచ్చింది. రాగానే కొడుకు మీద కోప్పడ్డాడు.

"ఎన్నిసార్లు పిలిచిన్రా. దూపైతుందిరా అంటే ఇనకనే పోతివి. ఆ డ్రమ్ములు కొట్టుడే కొట్టుడు."

"నేనియ్యాల కొట్టలే బాపు. పనికి పోయిన."

"అబద్ధమాడకు. పొద్దటిసంది ఇంటుంటి," అని, మంచం కమ్మీ మీద వేళ్లతో తట్టి చూపించాడు.

నర్సింహ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అది మా రెండో చరణం దరువు. ఆదివారం నా గదిలో, తలుపులు మూసుకుని, అప్పటికప్పుడు ఇద్దరం కట్టుకున్నది. ఆ తర్వాత నర్సింహ దాన్ని ఎక్కడా వాయించలేదు. ఆ ముసలాయన వేళ్లకు అదెలా తెలిసిందో నాకిప్పటికీ అంతుపట్టదు.